కంది చేనులో పడ్డ పెట్టె

పదో తరగతికి కాంతి పాఠం చెబుతున్నాను. బోర్డు మీద కటకం బొమ్మ సగమే గీశాను. అటెండర్ తలుపు దగ్గరికి పరుగున వచ్చి, "టీచరమ్మా, గొర్ల అవ్వ కంది చేన్ల చైనోళ్ల ఉపగ్రహం పడ్డదంట! ఎస్సై సారు మిమ్ముల జర రమ్మంటున్నడు" అన్నాడు.

క్లాసంతా లేచి నిలబడింది. సగం మంది అప్పటికే కిటికీల దగ్గరున్నారు. నేను సుద్దముక్క బల్ల మీద పెట్టి, ఎవరూ గేటు దాటొద్దని గట్టిగా చెప్పి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని బయల్దేరాను.

అప్పుడు నేను మక్తల్‌కు దగ్గర్లో ఒక ఊళ్లో, జిల్లా పరిషత్ హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. అమెరికా మీదికి వచ్చిన చైనా బెలూన్‌ను అక్కడి యుద్ధవిమానం సముద్రం మీద కూల్చేసిందని టీవీలన్నీ హోరెత్తించిన ఏడాది అది. మా ఊళ్లో హోటల్ దగ్గర చాయ్ తాగేవాళ్లు కూడా నిఘా గురించీ, పైనుంచి ఫొటోలు తీయడం గురించీ మాట్లాడుకునేవాళ్లు. అందుకే ఆకాశం నుంచి ఏం రాలినా అది చైనాదే అనుకునే కాలం.

ఎస్సైకి నేనే ఎందుకు గుర్తొచ్చానంటే, దానికి వెనుక ఒక కథ ఉంది. అంతకు కొన్నేళ్ల ముందు మన దేశం నేల మీది నుంచి క్షిపణి వదిలి, కక్ష్యలో తిరుగుతున్న మన ఉపగ్రహాన్నే కొట్టి చూపించింది. అమెరికా, రష్యా, చైనా తర్వాత ఆ పని చేసింది మనమే. ఆ రోజు నేను స్కూల్లో మిఠాయిలు పంచాను. గంటసేపు ఆవేశంగా మాట్లాడాను. అంతా అయ్యాక తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతి లేచి, "మరి పలిగిన ముక్కలు ఏడికి పోతయి టీచర్?" అంది.

నాకు జవాబు తెలియదు. తెలియదనే చెప్పాను. ఆ రాత్రే చదివి మర్నాడు చెప్పాను. మనవాళ్లు తక్కువ ఎత్తులో కొట్టారు కాబట్టి చాలా ముక్కలు వారాల్లోనే కిందికి జారి గాలిలో కాలిపోతాయనీ, కొన్ని మాత్రం పైకి చిమ్మి ఎక్కువ కాలం తిరుగుతాయనీ, అంతకుముందు చైనా బాగా ఎత్తులో కొట్టిన ఉపగ్రహం ముక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయనీ వివరించాను. అప్పటి నుంచి ఆకాశం సంగతులు ఏవి వచ్చినా వదలకుండా చదివేదాన్ని. పిల్లలు ఇళ్లకు వెళ్లి చెప్పేవాళ్లు. ఊళ్లో నాకు 'ఉపగ్రహాల టీచర్' అని పేరు పడింది.

చేను దగ్గరికి చేరేసరికి రెండు ఊళ్ల జనం పోగయ్యారు. కంది కోత అయిపోయి మోళ్లు మాత్రమే మిగిలిన చేను అది. మధ్యలో మా స్టాఫ్‌రూమ్ బీరువాను అడ్డంగా పడుకోబెట్టినంత పెద్ద తెల్లటి పెట్టె, ఒక పక్కకు ఒరిగి ఉంది. దానికి కట్టిన పారాచూట్ గుడ్డ మోళ్ల మీద పరుచుకుని గాలికి ఉబ్బుతోంది. పెట్టె మూల ఒక చిన్న ఎర్ర దీపం వెలిగి ఆరుతోంది. పైన ఒక స్టిక్కర్, దాని మీద ఎవరూ చదవలేని రాతలు.

పెట్టెకు పదడుగుల దూరంలో గొర్ల అవ్వ నిలబడి ఉంది. అరవై దాటిన మనిషి. పొట్టిగా, భుజాన గొంగడితో, చేతిలో కట్టెతో. ఆమె గొర్రెలు చేను చివర చెదిరిపోయి ఉన్నాయి. ఊళ్లో మొబైల్ దుకాణం నడిపే ఆయన ఫోన్‌లో వీడియో తీస్తూ ముందుకు అడుగేశాడు.

"లోపల ఏమున్నదో ఇప్పి సూద్దాం. వీడియో పెడితే దేశమంత సూస్తది."

"ఆడనే ఆగు" అంది అవ్వ. "ముట్టినవంటే కట్టె ఇరుగుతది."

"అవ్వా, అది టైంబాంబు. దీపం కొట్టుకుంటాంది, కనవడ్తలేదా? నువ్వే ముందల పోతవ్!"

"బాంబైతే నువ్వెందుకు ఇప్పుతనంటున్నవ్?"

జనంలో నవ్వులు లేచాయి. మొబైల్ దుకాణం ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు.

కొత్తగా వచ్చిన ఎస్సై నా దగ్గరికి వచ్చాడు. ముఖం అంతా చెమట. "మేడం, జిల్లా నుంచి బాంబు స్క్వాడ్ బయల్దేరింది. రెండు గంటలు పడ్తది. అందాక జనాన్ని ఆపుడు నా వల్ల అయితలేదు. ఇంతకూ ఇది ఏంది?"

"పారాచూట్ కట్టి దింపారు సార్. అంటే పగలకుండా కిందికి చేరాలని ఎవరో కోరుకున్నారు. ఉపగ్రహమైతే గాలిలో కాలిపోయి, మసిబారిన ముక్కలై పడేది. ఇది చూడండి, రంగు కూడా పోలేదు."

"రాతలు చైనా భాషల ఉన్నయి గద?"

"నాకూ ఆ భాష రాదు సార్."

నిజం చెప్పాలంటే నాకూ భయంగానే ఉంది. కానీ హైదరాబాద్ నుంచి పరిశోధనల కోసం పెద్ద పెద్ద బెలూన్లు వదులుతారని, వాటి పెట్టెలు మన పల్లెల్లో దిగుతాయని ఎప్పుడో పేపర్లో చదివిన గుర్తు. అలాంటి పెట్టె అయితే దాని మీద మనకు అర్థమయ్యే కాగితం ఒకటి తప్పక ఉండాలి. పైన లేదు, పక్కల లేదు. ఇక మిగిలింది అడుగు భాగమే. పెట్టె పైకి లేచిన వైపు నేలకూ దానికీ మధ్య జానెడు సందుంది.

"నేను చూస్తాను సార్" అన్నాను.

"వద్దు మేడం. ఏమన్న అయితే నా నౌకరి పోతది."

"దాన్ని ముట్టను. చూస్తాను, అంతే."

అవ్వ నా చేతికి తన గొంగడి ఇచ్చింది. "మోళ్లు గుచ్చుకుంటయి బిడ్డా. కింద పర్చుకో."

గొంగడి పరిచి, దాని మీద బోర్లా పడుకుని, ఫోన్ లైటు వేసి సందులోకి చూశాను. మట్టి అంటిన కాగితం ఒకటి తలకిందులుగా కనబడింది. తెలుగు! మెడ తిప్పుకొని ఒక్కో మాటా పైకి చదివాను.

"ఇది శాస్త్ర పరిశోధనా పరికరము. ప్రమాదరహితము. దీనిని స్పృశించరాదు. సమీప రక్షకభట నిలయమునకు గాని, దిగువ దూరవాణి సంఖ్యకు గాని సమాచారము అందజేయగలరు."

జనం అర్థంకాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అవ్వ మెల్లగా అడిగింది. "ఏమంటాంది బిడ్డా? మంచిదా, చెడ్డదా?"

"మంచిదే అవ్వా. బాంబు గాదు. మనోళ్లదే."

ఎస్సై విడిచిన పెద్ద నిట్టూర్పుకు నాకు నవ్వొచ్చింది. ఆ నంబరుకు ఫోన్ చేశాను. ఎత్తినాయన పెద్ద వయసు గొంతుతో, "అమ్మా, మీరెక్కడి నుంచి? మేం జడ్చర్ల దాటాం. సిగ్నల్ చూసుకుంటూ అటే వస్తున్నాం. దయచేసి ఎవరూ కదిలించకుండా చూడండి" అన్నాడు. ఎస్సై ఆ ఫోన్ తీసుకుని పది నిమిషాలు మాట్లాడి, తన పైవాళ్లతో మాట్లాడి, బాంబు స్క్వాడ్‌ను వెనక్కి పంపించాడు. జనం కొంత పలచబడ్డారు.

అవ్వ మాత్రం కదల్లేదు. గొర్రెల్ని ఒక చోటికి తోలి వచ్చి, గట్టు మీద నా పక్కన కూర్చుంది.

"అందరు భయపడ్డరు. నువ్వెందుకు ఆడనే నిలబడ్డవ్ అవ్వా?" అని అడిగాను.

"నా చేన్ల పడ్డది. తప్పిపోయిన గొర్రె మా మందల కలిస్తే, దాని ఆసామి వచ్చేదాంక మేము మేపుతం. కోసుకొని తినం. ఇది గూడ గంతే గద?"

తనే మళ్లీ అడిగింది. "గీ చైనోళ్లకు, అమెరికోళ్లకు మీద ఏం పంచాయితీ బిడ్డా? ఆడ చేన్లున్నయా, నీళ్లున్నయా?"

ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్నాను గానీ ఇంత సూటిగా నన్నెవరూ అడగలేదు. పైన ఉన్నవాడికి కింద ఉన్నవాడి ఓడలు, ట్యాంకులు, దారులు అన్నీ కనిపిస్తాయని చెప్పాను. ఫోన్లలో దారి చూపించేది కూడా మొదట సైన్యం కోసం పెట్టిన ఉపగ్రహాలేననీ, ఒకరివి ఇంకొకరు నమ్మక రష్యా వేరుగా, చైనా వేరుగా, యూరప్ వేరుగా, మనం వేరుగా పెట్టుకున్నామనీ చెప్పాను. యుద్ధం వస్తే ముందు ఎదుటివాడి కళ్లు పొడవాలని చూస్తారు, ఆ కళ్లు పైన ఉన్నాయి అన్నాను.

"అయితే అందరు కొట్లాటనేనా?"

"లేదవ్వా. పైన కలిసి కట్టుకున్న ఇల్లు కూడా ఒకటి తిరుగుతోంది, అంతరిక్ష కేంద్రం అంటారు. అమెరికావాళ్లు, రష్యావాళ్లు, ఇంకా చాలా దేశాలవాళ్లు. ఎప్పుడూ అందులో మనుషులుంటారు."

"గదేనా, పొద్దు పొడవక ముందు పోతది, పెద్ద సుక్క లెక్క? మినుకు మినుకు అనదు. సక్కగ పోతది."

నేను ఆశ్చర్యపోయాను. "నువ్వు చూసినవా?"

"మంద కాడ పండేటోళ్లకు కనవడకుంట ఎట్లుంటది? ఎన్నేండ్ల సంది చూస్తున్న! ఈ నడుమ ఇంకోటి గూడ పోతాంది. జర చిన్నది."

చైనావాళ్లను ఆ ఇంట్లోకి రానీయలేదనీ, అందుకే వాళ్లు వేరే ఇల్లు కట్టుకున్నారనీ చెప్పాను. అవ్వ తల ఆడించింది. ఆ తర్వాత అంతకు ఏడాదిన్నర కిందట జరిగింది చెప్పాను. రష్యా సైన్యం తన పాత ఉపగ్రహాన్ని క్షిపణితో కొట్టి ముక్కలు చేసింది. ఆ ముక్కలు వస్తాయని ఆ పెద్ద ఇంట్లో ఉన్న ఏడుగురూ పరుగున వెళ్లి, కిందికి దిగే వాహనాల్లో తలుపులేసుకుని కూర్చున్నారు. ఆ ఏడుగురిలో ఇద్దరు రష్యావాళ్లే.

అవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "తన బిడ్డలు లోపల ఉండంగనే కొట్టిండా?"

"కొట్టినోళ్లు వేరు, ఇంట్లో ఉన్నోళ్లు వేరు అవ్వా. చెప్పి కొట్టలేదంటరు."

"ఇంట్ల ఉన్నోళ్లు ఆ మీదట కొట్లాడుకున్నరా?"

"లేదు. బయటికి వచ్చి మళ్లీ కలిసే పని చేసుకున్నారు. కింద రష్యా యుద్ధం మొదలుపెట్టినాక కూడా ఒకరి బండిల ఇంకొకరు ఎక్కి పోతున్నరు, వస్తున్నరు."

"మరి గట్లుండాలె" అంది అవ్వ, ఊళ్లో ఎవరింటి సంగతో విన్నట్టు. తర్వాత లేచి, పారాచూట్ గుడ్డ ముళ్ల కంపకు తగిలి చిరుగుతుందని దాని మీద నాలుగు రాళ్లు పెట్టి వచ్చింది.

మధ్యాహ్నం దాటాక జీపు, దాని వెనుక లారీ వచ్చాయి. ఫోన్‌లో మాట్లాడిన ఇంజనీరు దిగాడు. తల ముగ్గుబుట్ట, ఒకటి రెండేళ్లలో రిటైరయ్యే మనిషి. పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక్క బోల్టు కూడా పోలేదని చూసుకుని, నేరుగా అవ్వ దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించాడు.

"పోయినసారి పెట్టె పడ్డ ఊరికి మేం చేరేసరికి తీగలు కూడా మిగల్లేదమ్మా. మూడేళ్ల కష్టం పోయింది."

"ఎవరిది వాళ్లకు చేరాలె గద సారూ. జర చూసుకొని తీస్కపోర్రి" అంది అవ్వ.

రాతల గురించి అడిగితే ఆయన నవ్వాడు. అవి జపాన్ రాతలు. నక్షత్రాల నుంచి వచ్చే కిరణాలను కొలిచే పరికరంలో ఒక భాగం అక్కడివాళ్లు చేశారు, మిగతాది మనవాళ్లు చేశారు. మొబైల్ దుకాణం ఆయన అప్పటికే 'చైనా ఉపగ్రహం' అని వీడియో పెట్టేశాడు. ఎస్సై ఒక చూపు చూడగానే తీసేశాడు.

లారీలోకి పెట్టెను ఎత్తుతుండగా ఇంజనీరు నాతో చాలా మాట్లాడాడు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆయన స్నేహితులు పనిచేసే చోట, మనకు రాకెట్ ఇంజను పరిజ్ఞానం ఇస్తానని రష్యా ఒప్పుకుందట. అమెరికా ఇవ్వొద్దని అడ్డుపడిందట. "ఆ ఇంజను మనవాళ్లే చేసుకోవడానికి ఏళ్లు పట్టింది. ఆ అడ్డుపడ్డ దేశమే ఇప్పుడు మనతో కలిసి భూమిని చూసే ఉపగ్రహం తయారు చేస్తోంది. మా వాళ్లు అక్కడికి వెళ్తున్నారు, వాళ్లు ఇక్కడికొచ్చి ఇడ్లీలు తింటున్నారు. చేతిలో పనితనం ఉంటే అవతలివాడు గౌరవిస్తాడమ్మా, నేను చూసింది అదే."

నేను అప్పుడు ఆయనతో కాగితం సంగతి ఎత్తాను. "సార్, మీ నోటీసు ఇక్కడ ఎవరికీ అర్థం కాలేదు."

"తెలుగులోనే ఉంది కదమ్మా."

"రక్షకభట నిలయమంటే మా పిల్లలకు కూడా తెల్వదు సార్. అవ్వకు ఏం తెలుస్తది? పైగా ఒక్క వైపే అంటించారు. అది నేలకు పడ్డది."

ఆయన కాస్త ఇబ్బందిపడ్డాడు. ఆఫీసు కాగితం ఆఫీసు భాషలో ఉండాలని ఏదో అన్నాడు. నేను తగ్గలేదు. "రాసి పంపిస్తాను, ఒకసారి చూడండి" అన్నాను. ఆయన చిరునామా రాసిచ్చాడు.

ఇంటికి వెళ్లేసరికి మా బాపు మగ్గం దిగి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. మాది నేత ఇల్లు. బాపు ఇప్పటికీ చీర నేస్తాడు. ఆయన చేతిలో బెలూన్ నుంచి ఊడిన ప్లాస్టిక్ పొర ముక్క ఉంది. పొర అంతా వేరే చేలల్లో పడితే, గడ్డివాములకు కప్పుకోవడానికి జనం తెచ్చుకున్నారు. బాపు దాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్ది చూస్తున్నాడు.

"పట్టు పోగు కన్న పల్సగున్నది బిడ్డా. గింత పల్సటిది అంత బరువును ఎట్ల మోసింది?"

చెప్పాను. జరిగిందంతా చెప్పి, కొత్త నోటీసు రాయడానికి కూర్చున్నాను. నేను రాసిన మొదటి వాక్యం 'ఇది శాస్త్రవేత్తల పెట్టె' అని. బాపు విని తల అడ్డంగా ఊపాడు.

"ముందుగాల భయపడకుర్రి అని రాయి. భయం పోతనే మిగతాది ఇంటరు."

తర్వాత ఇంకో మాటన్నాడు. "చీర ఎట్ల కట్టినా అంచు కనవడ్తది. నీ కాగితం ఒక్క దిక్కే పెడితే ఎట్ల? చుట్టూత రావాలె."

చివరికి కాగితం ఇలా తయారైంది: "భయపడకుర్రి. గిది బాంబు గాదు. గాలి, ఎండ, సుక్కల సంగతి తెలుసుకునే పెట్టె. పెద్ద గాలిబుగ్గకు కట్టి మీదికి పంపినం, మీ చేన్ల దిగింది. ఇప్పకుర్రి, ముట్టకుర్రి. పిల్లలను, గొడ్లను జర దూరం ఉంచుర్రి. గీ నంబరుకు ఫోన్ చేయిర్రి, మేమే వచ్చి తీస్కపోతం. మీకు దండాలు."

పంపించాను. నెలన్నర దాకా జవాబు లేదు. చిన్నబుచ్చుకున్నాను కూడా. తర్వాత ఒక రోజు ఇంజనీరే ఫోన్ చేశాడు. ఆఫీసులో కొందరు ఇదేం భాష అని నవ్వారట. ఆయన మా ఊరి సంగతంతా చెప్పి, పెట్టెలు దిగేది మన గదుల్లో కాదు, ఆ చేలల్లో అని వాదించి ఒప్పించాడట. ఇకనుంచి కాగితం పెట్టెకు ఆరు వైపులా అంటిస్తామన్నాడు. మా స్కూలుకు వచ్చి పిల్లలతో మాట్లాడతానని కూడా అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. ఆ రోజు అవ్వ ఉతికిన చీర కట్టుకుని వచ్చి, పిల్లల ముందు వరసలో కుర్చీలో కూర్చుంది. ఇంజనీరు ఆమెకు శాలువా కప్పాడు. "గొంగడున్నది గద, ఇదెందుకు సారూ" అంటూనే తీసుకుంది. ఆయన చెప్పినదాంట్లో ఆమెకు ఎంత అర్థమైందో తెలియదు గానీ, చివర్లో లేచి, "గా రెండిండ్లోళ్లు ఎప్పుడన్న ఒక్క కాడికి వస్తరా సారూ?" అని అడిగింది. ఆయనకు ముందు అర్థం కాలేదు. నేను రెండు అంతరిక్ష కేంద్రాల సంగతి చెప్పాను.

"మా జీవితంలో చూడకపోవచ్చమ్మా. ఈ పిల్లలు చూస్తారు. ఒకప్పుడు అమెరికా, రష్యా కూడా ఇలాగే ఉండేవి. ఒకరి మీద ఒకరు బాంబులు గురిపెట్టుకుని ఉన్నప్పుడే, వాళ్ల వాహనాలు రెండూ పైన కలుసుకున్నాయి, లోపలివాళ్లు చేతులు కలుపుకున్నారు."

రెండో ఏడు పెట్టె ఒకటి ఆత్మకూర్ వైపు దిగింది. ఒక రైతు కాగితం చదివి ఫోన్ చేశాడనీ, తాము వెళ్లేసరికి ఎండకు పాడవుతుందేమోనని దాని మీద పందిరి వేసి ఉంచాడనీ ఇంజనీరు చెప్పాడు. చెబుతూ గట్టిగా నవ్వాడు. ఆ నెలలోనే ఆయన రిటైరయ్యాడు.

నాకు గురుకులంలో ఉద్యోగం వచ్చి ఇప్పుడు హాలియా వైపు ఉంటున్నాను. కాలువ నీళ్లు, ఎటు చూసినా వరి. ఇక్కడి అమ్మాయిలు చురుకైనవాళ్లు. చంద్రుడి దక్షిణ ధ్రువం దగ్గర మనం దిగినప్పటి నుంచి వాళ్లకు ఒకటే ధ్యాస. మొన్న ఒకమ్మాయి అడిగింది. "టీచర్, అమెరికా పోతాంది, చైనా పోతాంది, మనం పోతున్నం. ఆడ గూడ హద్దురాళ్లు పాతుకుంటరా?"

ఈసారి తెలియదని చెప్పాల్సిన అవసరం రాలేదు. చంద్రుడు ఏ దేశం సొత్తూ కాదనీ, కక్ష్యలో అణుబాంబులు పెట్టకూడదనీ దేశాలు చాలాకాలం కిందటే ఒప్పందం రాసుకున్నాయనీ, ఒకరినొకరు అసలే నమ్మని రోజుల్లో రాసుకున్నాయనీ చెప్పాను. మాట తప్పడానికి సందులున్నాయని కూడా చెప్పాను. దాచడం నాకిష్టం లేదు.

ఒప్పందం ఇంగ్లీషులో ఉంది. వారం రోజులు కూర్చుని నేనూ, పదో తరగతి అమ్మాయిలూ కలిసి దాన్ని తెలుగులోకి తెచ్చాం. ఒక్కొక్కరికి ఒక్కో భాగం ఇచ్చాను. 'రాజ్యము', 'సార్వభౌమాధికారము' అని రాసుకొచ్చిన కాగితాలు వెనక్కిచ్చి, మీ అమ్మకు చదివి వినిపించి, ఆమెకు అర్థమయ్యాకే తీసుకురమ్మన్నాను. శనివారం ప్రార్థన సమయంలో ఒకమ్మాయి మైకు ముందు నిలబడి మొదటి పేరా గట్టిగా చదివింది.

"సందమామ ఎవ్వరి జాగా గాదు. అందరు పోవచ్చు. ఏ దేశమూ నాదని అనొద్దు."

వరుసల్లో ఉన్న నాలుగు వందల మంది అమ్మాయిలు ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి ఆగి, చప్పట్లు తగ్గేదాకా చూసి, రెండో పేరా అందుకుంది.